‘పొరపాటు జరిగింది’ అనే వాక్యంలో కర్త ఎవరు?

(ఇంజనీరింగ్, కామర్స్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

నేను ఇంజనీరును కాను, లాయరునూ కాను. పాతికేళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రికలో వాణిజ్య పేజీ డెస్కు మీద పనిచేశాను. కంపెనీలు పంపే ప్రకటనలను తెలుగు చేయడం నా రోజువారీ పని. లాభాల ప్రకటన తెలుగు చేయడం చాలా తేలిక. ఇంత అమ్మాం, ఇంత సంపాదించాం, వచ్చే ఏడాది ఇంత పెట్టుబడి పెడతాం అంటారు. కర్త, కర్మ, క్రియ వరుసగా కూర్చుని ఉంటాయి. కంపెనీ అమ్మిన వస్తువు పాడై మనుషులకు నష్టమో గాయమో అయినప్పుడు వచ్చే ప్రకటన దగ్గరే నా కలం ఆగిపోయేది. అందులో కర్త ఉండడు.

‘ఒక దురదృష్టకర సంఘటన చోటుచేసుకుంది.’ ‘కొన్ని యూనిట్లలో సమస్య గుర్తించబడింది.’ ‘తగిన చర్యలు చేపట్టబడ్డాయి.’ ఇలా సాగి, చివరికి ‘వినియోగదారులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ముగుస్తుంది. గమనించండి, అంత పొడుగు ప్రకటనలో ‘మేం’ వచ్చేది ఆ చింతించే వాక్యంలోనే. తయారుచేసినప్పుడు, తనిఖీ చేసినప్పుడు, అమ్మినప్పుడు ‘మేం’ లేదు.

తెలుగుకు ఒక మంచి గుణం ఉంది. ‘గుర్తించబడింది’, ‘చేయబడింది’ అనే వాక్యాలు మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటాయి. సరైన తెలుగు రాయాలంటే ఎవరు గుర్తించారో, ఎవరు చేశారో తెలియాలి. అందుకే నేను కంపెనీ వాళ్లకు ఫోను చేసేవాడిని. ‘సమస్యను ఎవరు గుర్తించారండీ? మీ తనిఖీలో బయటపడిందా, కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారా?’ అని అడిగేవాడిని. అవతల కొంచెంసేపు మౌనం. తర్వాత ‘ప్రకటనలో ఉన్నదే వేసుకోండి సార్’ అనేవారు. ఆ మౌనంలో ఏముందో చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

దగ్గరి ఉదాహరణే చూడండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ఆ సంఖ్య దాదాపు 85 లక్షలు. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ సంస్థ అధిపతి జార్జ్ కర్ట్స్ మొదట పెట్టిన సందేశంలో ఇది భద్రతా వైఫల్యమో సైబర్ దాడో కాదన్నారు. సమస్య గుర్తించబడింది, వేరుచేయబడింది, పరిష్కారం విడుదల చేయబడింది అన్నారు. క్షమాపణ మాట అందులో లేదు. కొన్ని గంటల తర్వాత టీవీలో అడిగితే అప్పుడు క్షమించమన్నారు. ఆ అప్‌డేట్ పంపింది వాళ్లే. ‘మేం పంపిన ఫైలులో తప్పుంది’ అని మొదటి వాక్యంగా రాయడానికి ఎంత సమయం పడుతుంది?

ఇక నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పేలింది. కొని ఎనిమిది నెలలు. అమ్మ కందిపప్పు పెట్టి, పక్కనే కొబ్బరి తురుముతోంది. విజిల్ రాలేదు. ఒక్కసారిగా మూత ఎగిరి గోడకు కొట్టుకుంది. పప్పు పైకప్పుకు అంటుకుంది. అమ్మ కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. కుక్కర్ సంగతి మీకు తెలుసు కదా. లోపల ఆవిరి ఎక్కువైతే విజిల్ నుంచి పోవాలి. అక్కడ మెతుకో పప్పుబద్దో అడ్డుపడితే సేఫ్టీ వాల్వ్ కరిగి దారి ఇవ్వాలి. వంటింట్లో అడ్డుపడటం మామూలే కాబట్టే ఆ రెండో దారి పెట్టారు. మా కుక్కర్లో ఆ వాల్వ్ కరగలేదు. దాన్ని విప్పి చూశాను, కొత్తదానిలా ఉంది.

కంపెనీకి ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. రబ్బరు గాస్కెట్ పాతబడటం వల్ల గానీ, మోతాదుకు మించి పప్పు వేయడం వల్ల గానీ ఇలా జరిగి ఉంటుందని, సూచనల పుస్తకం చదవాలని రాశారు. కుక్కర్ తెచ్చి చూపించమని అడగలేదు. చెయ్యి ఎలా ఉందని అడగలేదు. చదివి వినిపిస్తే అమ్మ, ‘ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్నాను, పప్పు ఎంత పోయాలో నాకు తెలియదంటున్నారా?’ అంది. కాలిన చేతికన్నా ఆ ఉత్తరమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. డెస్కు మీద ఏ ప్రకటన ముందుకొచ్చినా ఆ మాట నాకు వినబడేది.

‘ఆడలేక మద్దెల ఓడు’ అని మనకు సామెత ఉంది. ఆట రానివాళ్లు మద్దెల మీద నెపం వేస్తారని దాని అర్థం. నేను చూసిన ప్రకటనల్లో తిరగేసి ఉంటుంది. మద్దెల నిజంగానే ఓటిది, అయినా ఆడేవాళ్లకు ఆట రాదంటారు. వస్తువును చివర ఎవరు ముట్టుకున్నారో వాళ్ల మీదికి వేలు పోతుంది. వంట చేసిన అమ్మ, అంగట్లో నిల్వ ఉంచిన దుకాణదారు, విమానం నడిపిన పైలట్, విత్తనం నాటిన రైతు.

2003 అక్టోబరులో ముంబైలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపించాయి. దుకాణాల్లో సరిగా నిల్వ చేయకపోవడమే కారణమని కంపెనీ మొదట చెప్పింది. మహారాష్ట్ర ఆహార ఔషధ నియంత్రణ శాఖ ప్యాకింగ్ సంగతి ఏమిటని ప్రశ్నించింది. కొన్ని నెలల్లోనే కంపెనీ గట్టిగా సీలు చేసిన కొత్త ప్యాకింగ్ తెచ్చింది, అమితాబ్ బచ్చన్‌తో ప్రచారం చేయించింది. ప్యాకింగ్ మార్చడం మంచి పని. మార్చగలిగినదే అయినప్పుడు చిన్న దుకాణదారు పేరు ముందుగా ఎందుకు ఎత్తాలన్నది నా ప్రశ్న.

ఇందులో ప్రాణాలు పోయిన ఘట్టం కూడా ఉంది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వారి బోయింగ్ 737 మ్యాక్స్ విమానం సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. ఒక సెన్సర్ తప్పుడు లెక్క ఇస్తే విమానం ముక్కును దానంతట అదే కిందికి వంచే ఎంక్యాస్ అనే వ్యవస్థ అందులో ఉంది. దాని గురించి పైలట్ల పుస్తకాల్లో చెప్పలేదు. ప్రమాదం తర్వాత నవంబరు 6న బోయింగ్ ఒక సూచన పంపింది. సెన్సర్ తప్పుగా చూపితే ఇప్పటికే ఉన్న పద్ధతిని పైలట్లు పాటించాలన్నది దాని సారాంశం. మా అమ్మకు వచ్చిన ఉత్తరం లాంటిదే. సూచనల పుస్తకం చూసుకోండి. నాలుగు నెలలు దాటాక, 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే రకం విమానం కూలింది. మరో 157 మంది చనిపోయారు. ఏప్రిల్ 4న బోయింగ్ అధిపతి డెనిస్ మ్యూలెన్‌బర్గ్ వీడియోలో క్షమాపణ చెప్పి, రెండు ప్రమాదాల్లోనూ సెన్సర్ ఇచ్చిన తప్పుడు లెక్క వల్లే ఆ వ్యవస్థ పనిచేసిందని ఒప్పుకున్నారు. ఆ మాట ఏ నెలలో చెప్పారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇప్పుడు మీకు నచ్చే కథ చెబుతాను, ఇందులో లెక్కలున్నాయి. ఇంటెల్ కంపెనీ తయారుచేసిన పెంటియమ్ అనే కంప్యూటర్ చిప్ కథ. 1994లో అమెరికాలోని వర్జీనియాలో, లించ్‌బర్గ్ కళాశాల గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యల (3, 5 లాగా రెండే తేడాతో ఉండే ప్రధాన సంఖ్యలు) మీద లెక్కలు చేస్తున్నారు. ఫలితాలు పొసగడం లేదు. తన ప్రోగ్రాములో తప్పుందేమోనని నెలల తరబడి వెతికారు. ఒక్కొక్క కారణాన్నే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది చిప్ ఒక్కటే. మీరు ఫోనులోనే చేసి చూడండి: 4195835ని 3145727తో భాగించండి. 1.33382 వస్తుంది. ఆ రోజుల్లో పెంటియమ్ 1.33373 అని చెప్పేది. నాలుగో దశాంశ స్థానంలోనే తప్పు!

కారణం చాలా చిన్నది. మనం భాగహారం చేసేటప్పుడు ఎక్కాలు గుర్తు చేసుకున్నట్టే, ఆ చిప్ ఒక పట్టికను చూసుకుంటుంది. అందులో 1,066 విలువలు నింపాలి. అయిదు గళ్లు ఖాళీగా మిగిలిపోయాయి. ఏ కంపెనీలోనైనా, ఎంత జాగ్రత్తపరులకైనా ఇలాంటిది జరుగుతుంది. దానికి నేను ఎవరినీ తప్పుపట్టను.

అయితే ఆచార్యుడు అక్టోబరులో ఈ సంగతి ఇంటెల్‌కు రాయకముందే, ఆ వేసవిలోనే ఇంటెల్ ఇంజనీర్లు ఈ తప్పును చూశారు. రాబోయే చిప్‌లలో సరిదిద్దితే చాలనుకున్నారు. నవంబరులో విషయం వార్తల్లోకి వచ్చాక కంపెనీ ఇచ్చిన జవాబు ఏమిటంటే, మామూలు వినియోగదారుకు 27,000 ఏళ్లకు ఒకసారి మాత్రమే ఈ తప్పు ఎదురవుతుందట. చిప్ మార్చాలంటే అంత కచ్చితమైన లెక్కలు మీకు ఎందుకు అవసరమో మీరే నిరూపించుకోవాలట.

ఆ 27,000 ఏళ్ల లెక్క తప్పని నేననను. కొన్ని అంచనాలు వేసుకుని చేసిన సగటు అది. డిసెంబరు 12న కంప్యూటర్లు అమ్మే ఐబీఎం కంపెనీ పెంటియమ్ కంప్యూటర్ల సరఫరా ఆపేస్తూ, స్ప్రెడ్‌షీటు వాడేవాళ్లకు 24 రోజులకు ఒకసారి కూడా ఎదురుకావచ్చంది. ఐబీఎంకు సొంత చిప్ అమ్ముకోవాలన్న ఆసక్తీ ఉంది, అదీ గుర్తుంచుకోవాలి. 27,000 ఏళ్లు ఎక్కడ, 24 రోజులు ఎక్కడ! రెండూ లెక్కలే. కొన్నవాడు అడిగింది మాత్రం ఈ లెక్క కాదు. ‘నా కంప్యూటర్ చెప్పే జవాబును నమ్మవచ్చా?’ అని అడిగాడు. నమ్మకం గురించి అడిగినవాడికి సగటు చెప్పి పంపారు. మా అమ్మ చెయ్యి కాలిందని రాస్తే, లక్ష కుక్కర్లలో ఒకటి పేలుతుందని జవాబు రాసినట్టు.

డిసెంబరు 20న ఇంటెల్ క్షమాపణ చెప్పి, అడిగినవాళ్లకల్లా, కారణం అడక్కుండా, చిప్ మారుస్తామంది. అందుకు లెక్కల్లో రాసుకున్న ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. విచిత్రం ఏమిటంటే, మారుస్తామన్నాక చాలామంది మార్చుకోనే లేదు. అవసరమైతే మారుస్తారన్న భరోసా వాళ్లకు చాలింది.

మీ మేనేజ్‌మెంట్ పాఠాల్లో టైలెనాల్ అనే నొప్పి మందు ఉదాహరణ తప్పక చెబుతారు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. దాన్ని అమ్మిన జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. తర్వాత, తెరిస్తే తెలిసిపోయే సీలుతో మళ్లీ తెచ్చింది. మంచి ఉదాహరణే. అక్కడ విషం కలిపింది బయటివాడని మాత్రం మరచిపోవద్దు. తప్పు తనది కానప్పుడు బాధ్యత తీసుకోవడం గొప్ప, కానీ తప్పు తనదైనప్పుడు తీసుకోవడం దానికన్నా కష్టం. అదే సంస్థ టాల్కమ్ బేబీ పౌడర్ మీద వేల కేసులు పడినప్పుడు, పౌడర్ సురక్షితమేనని చెబుతూనే 2020లో అమెరికా, కెనడాలలోనూ, 2023లో ప్రపంచమంతటా దాని అమ్మకం ఆపింది. ఒక కంపెనీ మంచిదనో చెడ్డదనో ఒక ముద్ర వేసి వదిలేయడం అందుకే కుదరదు. ప్రతిసారీ కొత్తగా చూడాలి.

మ్యాగీ సంగతి మీకు బాగా తెలుసు, హాస్టల్లో ఉన్నవాళ్లకు మరీను. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో 2014లో తీసిన నమూనాలో, ‘ఎంఎస్‌జీ కలపలేదు’ అని రాసిన పొట్లంలో ఎంఎస్‌జీ కనిపించింది. అదే మనం అజినోమోటో అనే పదార్థం. కోల్‌కతా కేంద్ర ప్రయోగశాలకు పంపితే సీసం (లెడ్ అనే విష లోహం) 17.2 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 17.2 భాగాలు, ఉందని తేలింది. అనుమతించిన పరిమితి 2.5. 2015 మే నెలలో విషయం బయటికి వచ్చాక నెస్లే ఇండియా చెప్పిన మాట దాదాపు ఒక్కటే: మా నూడుల్స్ సురక్షితం. ఎవరు ఏమడిగినా అదే జవాబు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చాయి. జూన్ 5న కంపెనీ ప్రపంచాధిపతి పాల్ బుల్కే ఢిల్లీకి వచ్చి విలేకరుల ముందు కూర్చున్నారు. నూడుల్స్ సురక్షితమే, అయినా ప్రజల్లో గందరగోళం ఉంది కాబట్టి వెనక్కి తీసుకుంటున్నాం అన్నారు. అదే రోజు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధం విధించింది. వెనక్కి తెచ్చిన 27 వేల టన్నులకు పైగా నూడుల్స్‌ను సిమెంటు బట్టీల్లో కాల్చేశారు.

తర్వాత ఏమైంది? ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన వినలేదని, పరీక్షలు చేసిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదని చెప్పింది. మొహాలీ, జైపూర్, మన హైదరాబాద్‌లలోని మూడు ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్షించమంది. సీసం పరిమితికి లోబడే ఉందని తేలింది. నవంబరులో మ్యాగీ మళ్లీ అంగళ్లకు వచ్చింది. అంటే సీసం విషయంలో కంపెనీ మాటే నిలబడింది.

అందుకే ఈ ఉదాహరణ నాకు ముఖ్యం. నిజం నీ పక్షాన ఉన్నా సరిగా చెప్పకపోతే ఓడిపోతావు. ఆ మే నెలలో మా డెస్కుకు ఫోన్లు వచ్చేవి. ‘పిల్లాడికి నిన్న రాత్రే పెట్టానండీ, ఏమవుతుంది?’ అని ఒకావిడ ఏడుస్తూ అడిగింది. ఆమెకు పీపీఎం అక్కర్లేదు. ఇంట్లో ఉన్న నాలుగు పొట్లాలు పెట్టాలా, పారేయాలా అన్నదే ఆమె ప్రశ్న. దానికి జవాబు కంపెనీ ప్రకటనల్లో నాకు దొరకలేదు. పైగా, గోధుమపిండిలో, ఉల్లిపొడిలో, వేరుశనగ ప్రొటీన్‌లో సహజంగానే గ్లుటమేట్ ఉంటుందని కంపెనీకి మొదటినుంచీ తెలుసు. అలాంటప్పుడు పొట్లం మీద ‘కలపలేదు’ అని పెద్దక్షరాలతో ఎందుకు రాయాలి? చట్టం ప్రకారం అది అబద్ధం కాకపోవచ్చు. చదివిన తల్లికి మాత్రం ‘ఇందులో లేదు’ అనే అర్థమవుతుంది. తర్వాత ఆ మాటను తీసేశారు. ముందే తీసేసి ఉండాల్సింది.

మన ప్రాంతానికి వస్తే, 2022 ఏప్రిల్‌ను నేను మరచిపోలేను. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. కొద్ది రోజులకే విజయవాడలో, పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక కుటుంబ పెద్ద చనిపోయారు. అది కొని ఒక్క రోజే అయింది. నిజామాబాద్ ఘటనపై కంపెనీ ప్రకటనలో విచారం ఉంది, సానుభూతి ఉంది. దాంతోపాటే, ఆ వినియోగదారుకు బండి అమ్మినట్టు తమ రికార్డుల్లో లేదన్న వాక్యమూ ఉంది. చావు జరిగిన ఇంట్లో రసీదు అడగడం కాదా ఇది? బండి ఒకవేళ సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే అయినా, అంతమాత్రాన బ్యాటరీ ఇంకొకరు తయారుచేసింది అయిపోతుందా? తర్వాత ఆ కంపెనీయే 2,000 స్కూటర్లను పరీక్ష కోసం వెనక్కి పిలిచింది. ఆ ఏడాది చివరినుంచి ప్రభుత్వం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది.

రైతుల సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. మన దగ్గర ‘వస్తువు పాడైంది’ అన్న మాటకు అసలైన బరువు విత్తనంలో ఉంది. మిక్సీ పాడైతే ఇంకొకటి కొంటాం. విత్తనం మొలవకపోతే ఆ కారు పంట పోయినట్టే, దున్నిన కూలి, ఎరువు, అప్పు అన్నీ పోయినట్టే. అలాంటప్పుడు కంపెనీల నుంచి వచ్చే జవాబులు నాకు కంఠస్థం: వాన ఆలస్యమైంది, లోతుగా నాటారు, నేల సరైనది కాదు, మందు వేళకు కొట్టలేదు. ఇవన్నీ కొన్నిసార్లు నిజాలే కావచ్చు. కానీ విత్తనం చూడకుండానే, పొలానికి రాకుండానే చెబుతారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విత్తనాలకు వేరే చట్టం ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి అధికారం లేదని, విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షించకుండా నాసిరకమని ఎలా తేలుస్తారని సంస్థ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది. తెచ్చుకున్న విత్తనమంతా రైతు నాటుకుంటాడు, పరీక్ష కోసం గుప్పెడు దాచుకుంటాడని ఎవరూ ఆశించకూడదు, అదే లాట్ విత్తనం కంపెనీ దగ్గరే ఉంటుంది కదా అన్న అర్థంలో చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ మాటకు కోర్టు జవాబు ఇచ్చినట్టు అనిపించింది.

కంపెనీలు ఎందుకిలా మాట్లాడతాయి? అక్కడ దుర్మార్గులుంటారని నేను అనుకోను. ప్రకటన రాసే గదిలో లాయరు ఉంటాడు. ‘మేం’ అని రాస్తే రేపు కోర్టులో అదే సాక్ష్యం అవుతుందంటాడు. ఆ భయం నిజమే. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టంలో లోపమున్న వస్తువుకు తయారీదారు బాధ్యత గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. కాబట్టి పాము చావకుండా, కర్ర విరగకుండా రాస్తారు. కానీ తప్పు ఒప్పుకోవడం వేరు, మనిషిని పట్టించుకోవడం వేరు. ‘వాడటం ఆపండి. దగ్గర్లోని దుకాణంలో ఇచ్చేయండి. మా మనిషి మీ ఇంటికి వస్తున్నాడు. కారణం తేలగానే మేమే చెబుతాం.’ ఈ నాలుగు వాక్యాలకు ఏ లాయరూ అడ్డు చెప్పలేడు. అందులో తప్పు ఒప్పుకోలేదు. కర్త మాత్రం ఉన్నాడు.

ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మేం కంపెనీలో చిన్న ఉద్యోగంలో ఉంటాం. లోపం మాకు కనిపిస్తే ఏం చేయగలం?)

మంచి ప్రశ్న, తల్లీ. నోటితో చెప్పి ఊరుకోకు. తేదీ వేసి, ఏం చూశావో, ఏ పరీక్షలో చూశావో రాసి, మీ పై అధికారికి పంపు. ‘కొంత సమస్య ఉంది’ అని రాయకు. ‘ఫలానా రోజు ఈ వాల్వ్‌ను నేను వేడి చేశాను, ఇది కరగలేదు’ అని రాయి. ఇందాక చెప్పిన ఆచార్యుడి ఉత్తరం ఇంటెల్‌కు చేరేసరికి, అందులోని ప్రశ్నకు జవాబు తెలిసిన ఇంజనీర్లు ఆ భవనంలోనే ఉన్నారు.

వెనక వరుసలో ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పు నాయనా.